తగ్గిన బరువు నిలుస్తుందా? కేలరీల లెక్క వెనుక నూరేళ్ళ చరిత్ర

తక్కువ తింటే బరువు తగ్గుతుందా అన్న ప్రశ్న మీద ఇవాళ శాస్త్రజ్ఞుల్లో తగాదా లేదు. ఖర్చయ్యేదాని కంటే తక్కువ శక్తి లోపలికి వెళ్తున్నంత కాలం ఏ మనిషి శరీరమైనా తన నిల్వలను కరిగించుకోక తప్పదు. తగాదా అంతా ఆ తర్వాతి సంగతి మీద: తగ్గిన బరువు రెండేళ్ళకు, ఐదేళ్ళకు ఎక్కడ ఉంటుంది, మళ్ళీ పెరిగితే ఆ తప్పు ఎవరిది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబునే రెండోదానికీ జవాబుగా చలామణీ చేయడం వల్ల ఎంతోమంది ఏళ్ళ తరబడి తమను తామే నిందించుకుంటూ బతికారు. అందుకే ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడు, ఎలా కలగలిసిపోయాయో చూడవలసి ఉంది.

జీవుల శ్వాస కూడా ఒక రకమైన దహనమేనని 1780లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లావోయిజే, లాప్లాస్ మంచుగడ్డల మధ్య గినీ పందిని ఉంచి, కరిగిన నీటి బరువును బట్టి దాని ఒంటి వేడిని లెక్కకట్టి చూపించారు. ఆ లెక్కను మనిషి దాకా తెచ్చినవాడు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్బర్ అట్‌వాటర్. 1890లలో ఆయన బృందం ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మూసిన గదిలో మనుషులను రోజుల తరబడి ఉంచి, వాళ్ళు తిన్నది, విసర్జించినది, ఒంటి నుంచి వెలువడిన వేడి, అన్నీ కొలిచింది. పిండిపదార్థాలకూ మాంసకృత్తులకూ గ్రాముకు 4, కొవ్వుకు 9 కేలరీలు అని ఇవాళ ఆహార పొట్లాల మీద కనబడే లెక్కకు మూలం అదే. అయితే అట్‌వాటర్‌ను వేధించినది ఊబకాయం కాదు. కూలీనాలీ చేసుకునే కుటుంబాలు తక్కువ డబ్బుతో చాలినంత శక్తి ఎలా పొందాలన్నదే ఆయన చింత.

ఆ లెక్కను తలకిందులుగా తిప్పి, తగ్గడానికి వాడుకునే పద్ధతిని జనంలోకి తెచ్చినది లూలూ హంట్ పీటర్స్ అనే వైద్యురాలు. 1918లో వచ్చిన ఆమె పుస్తకం 1920లలో విపరీతంగా అమ్ముడుపోయింది. ఇకపై ఒక రొట్టె ముక్క అనకుండా నూరు కేలరీల రొట్టె అనాలని ఆమె పాఠకులకు నేర్పింది. తగ్గదలచినవారికి రోజుకు 1,200 కేలరీలు చాలని చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో ఒంట్లో కొవ్వు పేరుకోవడాన్ని ఆహారం దాచిపెట్టిన నేరంతో పోల్చింది కూడా. బరువు అనేది క్రమశిక్షణకు సంబంధించిన విషయమని, అదుపు తప్పినవారిదే దోషమని భావించే ధోరణి కేలరీల లెక్కతో జతకట్టినది ఇక్కడే.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఈ లెక్కలో ఒక చిక్కు బయటపడింది, కానీ ఎవరికీ పట్టలేదు. అట్‌వాటర్ దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ బోస్టన్‌లోని కార్నెగీ పోషకాహార ప్రయోగశాలలో ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి తిండి తగ్గించి, వాళ్ళ శరీరాలు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నాయో కొలిచి, 1919లో ఫలితాలు ప్రచురించాడు. బరువు తగ్గిన నిష్పత్తి కంటే ఎక్కువగా వాళ్ళ శరీరాలు ఖర్చు తగ్గించుకున్నాయి. వాళ్ళకు చలి ఎక్కువైంది, నాడి నెమ్మదించింది. అంటే లెక్కలో ఒక వైపు తగ్గిస్తే రెండో వైపు దానంతట అదే తగ్గుతోందన్నమాట. కేలరీల పట్టికలను నమ్ముకున్నవారు అప్పుడే ఆగి ఆలోచించవలసిన ఫలితం ఇది.

దీన్ని ఇంకా లోతుగా చూపించిన ప్రయోగం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకలితో శుష్కించిన జనాన్ని మళ్ళీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకునేందుకు శరీరశాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను ఎంచుకున్నాడు. వాళ్ళందరూ మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరడానికి నిరాకరించి, మరో విధంగా దేశానికి సేవ చేయాలని స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు. 1944 నవంబరులో మొదలైన ఈ ప్రయోగంలో 24 వారాల పాటు వాళ్ళకు రోజుకు రెండు పూటలే, సగటున 1,570 కేలరీల చొప్పున బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, ముతక రొట్టె, మాకరోనీ వంటివి పెట్టి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఈ 1,570 అన్న అంకె చాలా డైట్ పథకాలు ఇవాళ్టికీ మామూలుగా సూచించే మోతాదు కంటే ఎక్కువేనన్న సంగతి గమనించాలి. అయితే ఆ యువకులు లావుపాటి వాళ్ళు కారు, అందుకే వాళ్ళ అనుభవాన్ని అధిక బరువున్న వారికి యథాతథంగా అన్వయించలేం.

ఆ 36 మందిలో కనబడిన మార్పులు మాత్రం మరచిపోదగినవి కావు. ఎన్నడూ వంట జోలికి పోనివాళ్ళు వంటల పుస్తకాలు సేకరించి రాత్రుళ్ళు చదువుకున్నారు. కంచాలు నాకారు, ఒక్కో ముద్దను గంటల తరబడి సాగదీసి తిన్నారు, స్నేహాల మీదా చదువు మీదా ఆసక్తి పోగొట్టుకున్నారు. శరీరం మొత్తం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది. అసలు విషయం తిండి తిరిగి పెట్టడం మొదలయ్యాక తెలిసింది. ఆంక్షలు ఎత్తేశాక రోజుకు అయిదారువేల కేలరీలు, కొందరు అంతకు మించి, తిన్నా తృప్తి కలగలేదని వాళ్ళు చెప్పారు. ముందుగా తిరిగి వచ్చినది కండ కాదు, కొవ్వు. అది మొదటి స్థాయిని దాటి కూడా కొంతకాలం పెరుగుతూ పోయింది. తగ్గించిన బరువు అదనంగా కొంత కలుపుకొని తిరిగి వస్తుందని డైటింగ్ చేసినవారు మొత్తుకునే అనుభవానికి ప్రయోగశాలలో దొరికిన తొలి ఆధారాల్లో ఇది ఒకటి. 1950లో కీస్ బృందం దీన్ని రెండు సంపుటాలుగా అచ్చువేసింది. కానీ దాన్ని కరువుకు సంబంధించిన గ్రంథంగానే చదివారు.

ఆ దశాబ్దం చివర ఒక ఏడాది తేడాతో వచ్చిన రెండు వ్యాసాలు ఈ కథనంలో కీలకం. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు ఒక పౌండు శరీర బరువు 3,500 కేలరీలకు సమానమని లెక్కకట్టాడు. దాని నుంచి పుట్టినదే రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి ఒక పౌండు తగ్గుతుందన్న సూత్రం. గుర్తుపెట్టుకోవడానికి తేలిక కాబట్టి అది పాఠ్యపుస్తకాల్లోకి, ఆసుపత్రి కరపత్రాల్లోకి పాకింది. శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుందన్న బెనెడిక్ట్ ఫలితానికి అందులో చోటే లేదు. 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్, మేవిస్ మెక్‌లారెన్-హ్యూమ్ న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి పోషకాహార విభాగానికి వచ్చిన వందమందిని గమనించి రాశారు: 20 పౌండ్లు తగ్గినవారు 12 మందే, రెండేళ్ళ తర్వాత దాన్ని నిలుపుకున్నవారు ఇద్దరే. డైటింగ్ చేసినవారిలో 95 శాతం మంది విఫలమవుతారని నేటికీ చెప్పుకునే మాటకు మూలం చాలావరకు ఈ చిన్న అధ్యయనమే. ఆ వందమందికి ఒక ఆహార పట్టిక చేతికిచ్చి పంపడం తప్ప పెద్దగా తోడ్పాటేమీ అందలేదు కాబట్టి, దాన్ని అందరికీ, అన్ని పద్ధతులకూ వర్తించే తీర్పుగా తీసుకోవడం న్యాయం కాదు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ళు వ్యాపారానివి. బరువు తగ్గదలచినవారు వారంవారం కలుసుకునే సంస్థలు 1960లలో పుట్టాయి. 1970ల చివర నాసిరకం ప్రోటీన్ ద్రవాలు మాత్రమే తాగి నెలలు గడిపిన వారిలో పదుల సంఖ్యలో మరణాలు సంభవించాయి. ఎంత త్వరగా తగ్గిస్తామన్నదే ప్రకటన. ఎంత కాలం నిలుస్తుందన్నది ఎవరూ రాసుకోని లెక్క.

ప్రయోగశాలల్లో మాత్రం వేరే ప్రశ్న నలుగుతోంది. కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడు ఎప్పటికప్పుడు కనిపెట్టి ఆకలిని సర్దుబాటు చేస్తుందని 1953లో గోర్డన్ కెనెడీ ప్రతిపాదించాడు. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో పుట్టుకతోనే అదుపులేకుండా తిని విపరీతంగా లావెక్కే ఎలుకలు దొరికాయి. రెండు ఎలుకల రక్తప్రసరణలను శస్త్రచికిత్సతో కలిపి, రక్తంలో తిరిగే ఒక పదార్థం ఆకలిని అణచివేస్తోందని డగ్లస్ కోల్‌మన్ 1970ల నాటికి తేల్చాడు. ఆ పదార్థానికి మూలమైన జన్యువును 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. అదే లెప్టిన్. కొవ్వు కణాలే దాన్ని స్రవిస్తాయి. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, కరువు వచ్చిపడిందని మెదడు తీసుకుంటుంది. మరుసటి ఏడాది రూడాల్ఫ్ లీబెల్ బృందం, పది శాతం బరువు తగ్గినవారి రోజువారీ శక్తి వ్యయం, తగ్గిన ఒంటికి ఉండవలసినదానికంటే కూడా తక్కువగా ఉందని కొలిచి చూపించింది.

ఆకలి సంగతి ఇంకా ఆలస్యంగా తేలింది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు పది వారాల కఠిన ఆహార నియమంతో సగటున 13 కిలోలకు పైగా తగ్గినవారిని ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోను ఇంకా ఎక్కువగానే ఉంది, లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉంది, ఆకలి ఇంకా మొదటికంటే ఎక్కువగానే ఉంది. డైటింగ్ ముగిసిన ఏడాదికి కూడా శరీరం ఆ సంగతి మరచిపోలేదు. ఆ ఆకలి ఎంతటిదో 2016లో అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్, ఆయన సహచరులు ఒక తెలివైన దారిలో అంచనా వేశారు. ఒక రకం మధుమేహ మందు వేసుకున్నవారికి తెలియకుండానే కొంత చక్కెర మూత్రంలో పోతుంది. డైటింగ్ చేస్తున్నామన్న స్పృహ లేకుండానే వాళ్ళ బరువు తగ్గుతుంది. వాళ్ళ బరువు మార్పులను బట్టి లెక్కిస్తే, తగ్గిన ప్రతి కిలోకూ శరీరం ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తగ్గితే, తినాలన్న ఒత్తిడి సుమారు 100 కేలరీలు పెరిగింది. పది కిలోలు తగ్గినవారు రోజూ వెయ్యి కేలరీల అదనపు ఆకలిని ఏళ్ళ తరబడి తట్టుకోవాలన్నమాట. దీన్ని సంకల్పబలం లోపమని అనడానికి నాకు నోరు రాదు.

అలాగని తప్పంతా మందగించిన జీవక్రియదే అనడమూ సరికాదు. రోజుకు 1,200 కేలరీలే తింటున్నా తగ్గడం లేదని చెప్పిన కొద్దిమందిని 1992లో న్యూయార్క్ పరిశోధకులు శరీరం ఖర్చు చేసే శక్తిని కొలిచే, ప్రత్యేక ఐసోటోపులు కలిపిన నీటి పద్ధతితో పరీక్షించారు. వాళ్ళ జీవక్రియ మామూలుగానే ఉంది. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. వాళ్ళు అబద్ధమాడారని దీనర్థం కాదు. తిన్నదాన్ని ఎవరం సరిగా గుర్తుపెట్టుకోలేం. అమెరికాలో ఒక టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గి, ఆరేళ్ళలో 41 కిలోలు తిరిగి పెరిగిన 14 మందిని పరీక్షించినప్పుడు, వాళ్ళ విశ్రాంతి జీవక్రియ ఉండవలసినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉన్నా, ఆ మందగింపు ఎక్కువున్నవారే ఎక్కువ పెరిగారని చెప్పడానికి వీల్లేకపోయింది. బరువు నిలుపుకున్నవారిని వేరుచేసినది ప్రధానంగా వాళ్ళు చేస్తూ వచ్చిన శారీరక శ్రమ.

దీర్ఘకాల ఫలితాలకు సంబంధించి ఇప్పుడు ఉన్న ఆధారాలు స్టంకార్డ్ కాలం కంటే మెరుగైనవే కానీ, గొప్పవి కావు. అమెరికాలో జరిగిన 29 అధ్యయనాలను 2001లో కలిపి చూస్తే, ఐదేళ్ళ తర్వాత నిలిచిన తగ్గుదల సగటున 3 కిలోలు. 2007లో ట్రేసీ మాన్ బృందం చేసిన సమీక్ష, డైటింగ్ చేసినవారిలో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల మంది తగ్గినదానికంటే ఎక్కువే తిరిగి పెరిగారని చెప్పింది. కొవ్వు తగ్గించాలా, పిండిపదార్థాలు తగ్గించాలా అన్న వాదం కూడా ఈ చిత్రాన్ని మార్చలేదు: 2018లో 609 మందితో జరిగిన పోలికలో ఏడాది చివర రెండు బృందాల సగటు తేడా కిలో కూడా లేదు, కానీ ఒక్కో బృందం లోపల 30 కిలోలు తగ్గినవారి నుంచి 10 కిలోలు పెరిగినవారి దాకా ఉన్నారు. సగటు అంకె దాచే సంగతి ఇదే.

వీటన్నిటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది 2001లో మొదలై, టైప్ 2 మధుమేహం ఉన్న 5,145 మందితో అమెరికాలో జరిగిన లుక్ అహెడ్ అధ్యయనం. తక్కువ కేలరీల ఆహారం, వ్యాయామం, ఏళ్ళ తరబడి ఆగని సలహా సమావేశాలు కలిపి అందించగా, మొదటి ఏడాది 8.6 శాతం తగ్గిన బృందం ఎనిమిదో ఏట కూడా సగటున 4.7 శాతం తక్కువలో ఉంది. వారిలో సగంమంది కనీసం 5 శాతం తగ్గుదలను నిలుపుకున్నారు. గుండెపోటు వంటివి తగ్గకపోవడంతో 2012లో దాన్ని ఆపేశారన్నది నిజమే. అయినా, తోడు వదలకుండా ఉంటే బరువు పూర్తిగా వెనక్కి రాదని పెద్ద ఎత్తున చూపించింది అది. అంతకుముందు 2002లో వెలువడిన మధుమేహ నివారణ అధ్యయనం మరో కోణం చూపింది: సగటున అయిదారు కిలోలు తగ్గడం, నడక పెరగడం వల్ల మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, బరువులో ఎక్కువ భాగం తిరిగి వచ్చినా పదేళ్ళ లెక్కలో ఆ మేలు 34 శాతంగా మిగిలింది.

రీనా వింగ్, జేమ్స్ హిల్ 1994లో అమెరికాలో మొదలుపెట్టిన జాతీయ నమోదు పట్టికలో కనీసం 30 పౌండ్లు తగ్గి ఏడాదైనా నిలుపుకున్నవారు వేలమంది చేరారు. తరచూ తూచుకోవడం, తిన్నది చూసుకోవడం, రోజుకు గంట వరకు శ్రమ చేయడం వారిలో ఎక్కువగా కనిపించాయి. నెగ్గినవారే చేరిన పట్టిక కాబట్టి, ఇవే చేసి నెగ్గలేనివారు ఎందరో అది చెప్పలేదు.

ఇప్పుడు బరువు తగ్గించే మందులు వచ్చాక పాత ప్రశ్న కొత్తగా తిరిగి వచ్చింది. 2021లో ప్రచురితమైన పరీక్షలో సెమాగ్లుటైడ్ అనే మందు వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. మందు ఆపిన ఏడాదికి ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఈ మందు పనిచేసేది ఆకలి మీదే. అది తీసేయగానే శరీరం మిన్నెసోటా యువకుల్లో చూపిన స్వభావాన్నే మళ్ళీ చూపింది. దీన్ని చూసిన వైద్యులు రోగులను తప్పుపట్టలేదు, మందు దీర్ఘకాలం కొనసాగించాలని అన్నారు. రక్తపోటు మందు విషయంలోనూ అనేది అదే. తిండి తగ్గించి బరువు తగ్గినవారికి మాత్రం ఆ మాట ఇప్పటికీ దక్కడం లేదు: వారికి మూడు నెలలదో ఆరు నెలలదో పథకం ఇచ్చి, బరువు తగ్గగానే చికిత్స ముగిసిందని పంపేస్తున్నారు, ఆకలి ఇంకా ఎక్కువగానే ఉండే రెండో ఏడాది వారి వెంట ఎవరూ ఉండటం లేదు.