కీళ్లవాతం ఉన్నవారికి వైరస్ సోకితే: ఆసుపత్రి దాకా తీసుకెళ్లేది ఏది?

వైరల్ జ్వరాల కాలం మొదలైందంటే కీళ్లవాత వైద్యం చేసే నా దగ్గరికి ఒకే రకం కథ వస్తుంది. రోగనిరోధక శక్తిని అణచి వాతాన్ని అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ మాత్రను భయంతో మానేస్తారు. రెండు వారాలకు కీళ్లు బిగుసుకుంటాయి. నొప్పి ఓర్చుకోలేక స్టిరాయిడ్ మాత్ర సొంతంగా పెంచుకుంటారు. లెక్క తలకిందులైందని అప్పటికి వాళ్లకు తెలియదు.

అపోహ: రోగనిరోధక శక్తిని అణచే మందులన్నీ ఒకే తీరుగా ప్రమాదం.

వాస్తవం: కాదు. కోవిడ్ సోకిన తమ రోగుల వివరాలను 2020లో అనేక దేశాల రుమటాలజిస్టులు (కీళ్లవాత వైద్యులు) ఒకచోట చేర్చారు. 40 దేశాలకు చెందిన 600 మందితో వచ్చిన తొలి విశ్లేషణలో, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టిరాయిడ్ రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన వాడేవారికి ఆసుపత్రిలో చేరే అవకాశం దాదాపు రెట్టింపుగా కనిపించింది. వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు తీసుకునేవారిలో అది తగ్గింది! వయసు, మధుమేహం, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ జబ్బుల ప్రభావం మామూలే. ఆ 600 మందిలో 277 మంది ఆసుపత్రిలో చేరారని చదివి బెదిరిపోకండి. అవి వైద్యుల దృష్టికి వచ్చిన కేసులు మాత్రమే. ఇంట్లోనే కోలుకున్నవారు చాలావరకు ఆ లెక్కలోకి రాలేదు.

నన్ను నిజంగా కలవరపెట్టే మందు రిటుక్సిమాబ్. యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలను అది నెలల తరబడి తుడిచిపెడుతుంది. అదుపులో లేని వాతం కూడా అంతే ముప్పు. మందులు మానేసినవారు కొనితెచ్చుకునేది దాన్నే.

అపోహ: హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాం, కోవిడ్ మమ్మల్ని ఏమీ చేయదు.

వాస్తవం: ఆ 600 మందిలో అలాంటి రక్షణ ఏదీ కనిపించలేదు. లూపస్‌కు (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) మంచి మందు, దానికోసం వాడండి.

అపోహ: ఒళ్లు కాలడం లేదు కదా, ఇన్ఫెక్షన్ లేనట్టే.

వాస్తవం: కీళ్లవాతానికే ఇచ్చే టోసిలిజుమాబ్ తీసుకునేవారిలో జ్వరం రాకపోవచ్చు, రక్తపరీక్షలో వాపును సూచించే సీఆర్‌పీ కూడా పెరగకపోవచ్చు. ఆయాసం, మగత, తిండి సహించకపోవడం కనిపిస్తే థర్మామీటరును నమ్ముకుని కూర్చోవద్దు.

అపోహ: మాలాంటివారికి టీకాలు పనికిరావు.

వాస్తవం: ఈ మందులు వాడేటప్పుడు సాధారణంగా దూరం పెట్టేది బతికున్న వైరస్‌తో చేసిన టీకాలను. ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోవచ్చు. వాతం అదుపులో ఉంటే, ఆ తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపమని మీ వైద్యుడు చెప్పవచ్చు. టీకా బాగా పట్టడానికే అది. జాక్ నిరోధక మాత్రలు (టోఫాసిటినిబ్ లాంటి వాతం మందులు) వాడేవారికి సర్పి (షింగిల్స్) ముప్పు ఎక్కువ కాబట్టి దాని టీకా గురించీ అడగండి. రిటుక్సిమాబ్ వాడేవారు తర్వాతి డోసు దగ్గరపడే వేళకు టీకాల తేదీలు కుదుర్చుకోవాలి.

అపోహ: వైరస్ సోకగానే మాత్రలన్నీ ఆపేయాలి.

వాస్తవం: మెథోట్రెక్సేట్, ఇంజెక్షన్లు, జాక్ మాత్రలు కొన్నాళ్లు ఆపమని మేమే చెప్పవచ్చు. కొంతకాలంగా వాడుతున్న స్టిరాయిడ్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. శరీరంలో సహజంగా స్టిరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అప్పటికే నిద్రావస్థలో ఉంటాయి. రక్తపోటు పడిపోయి, ఆ మానేయడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఫోను చేసేటప్పుడు రెండు సంగతులు దగ్గర పెట్టుకోండి: రోజుకు ఎన్ని మిల్లీగ్రాముల స్టిరాయిడ్, చివరి రిటుక్సిమాబ్ ఏ తేదీన. నేను మొదట అడిగేవి అవే.