ఫ్రీ చేస్తే నోడ్ పోతుందా? లింక్డ్ లిస్ట్ డిలీట్‌పై అపోహలు - వాస్తవాలు

ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ దగ్గరపడితే అమలాపురంలోని మా ట్యూషన్ గదికి సాయంత్రాలు కొత్త ముఖాలు వస్తాయి. మొన్న రాజోలు నుంచి డిప్లొమా అమ్మాయి ఒకతి వచ్చింది. "నోడ్‌ని ఫ్రీ చేశానండి, అయినా లిస్టులో ఏదో కనబడుతోందండి. నాకు పాయింటర్లు రావేమోనండి" అంటూ ఏడుపు ఒక్కటే తక్కువ. పాయింటర్లు రాకపోవడం కాదమ్మా, నీకెవరో తప్పు చెప్పారు. పన్నెండేళ్లుగా ఈ తప్పే వింటున్నాను. సీ లాంగ్వేజీలో లింక్డ్ లిస్ట్ అంటే ఒక గొలుసు. ఒక్కో కొక్కెం ఒక నోడ్. దానిలో డేటా, తర్వాతి నోడ్ అడ్రసు (నెక్స్ట్) ఉంటాయి. అడ్రసు దాచుకునేదే పాయింటర్.

అపోహ: ఫ్రీ చేస్తే లిస్టులోంచి నోడ్ పోయినట్టే.

వాస్తవం: ఫ్రీ అనే ఫంక్షన్‌కి మీ లిస్టు సంగతే తెలియదు. మాలక్ అనే ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీ జాగాను తిరిగి అప్పజెప్పడం వరకే దాని పని. లిస్టులోంచి తీయాలంటే ముందున్న నోడ్‌లోని నెక్స్ట్ మారాలి. అది మీరు చేయాల్సిన పని.

ఆ మధ్య మేం అద్దె ఇల్లు మారాం. సామాను సర్దేశాం, తాళాలు ఓనరుగారికి ఇచ్చేశాం. ఆత్రేయపురంలో ఉన్న మా పెద్దమ్మకి కొత్త అడ్రసు చెప్పడం మాత్రం మర్చిపోయాం. సంక్రాంతికి ఆవిడ పంపిన పూతరేకుల డబ్బా నేరుగా పాత ఇంటికే వెళ్లింది. కొత్తగా దిగినవాళ్లు శుభ్రంగా తినేశారు. వాళ్లని ఏమనగలం? తాళాలివ్వడం ఫ్రీ. పెద్దమ్మ డైరీలో పాత అడ్రసు మిగిలిపోయింది చూశారూ, అదే డాంగ్లింగ్ పాయింటర్.

లిస్టులో 10, 20, 30, 40 ఉన్నాయనుకోండి. 20 తీయాలి. ప్రీవ్, టెంప్ అని రెండు పాయింటర్లు. ప్రీవ్ 10 దగ్గర, టెంప్ 20 దగ్గర ఉన్నాయి. మొదట టెంప్ నెక్స్ట్‌లో ఉన్న అడ్రసును ప్రీవ్ నెక్స్ట్‌లో వేయండి. ఇక 10 తర్వాత 30. అప్పుడు టెంప్‌ని ఫ్రీ చేయండి. వరస తిప్పి, ఫ్రీ చేశాక టెంప్ నెక్స్ట్ చదివితే, ఖాళీ చేసిన ఇంట్లోకి వెళ్లి బీరువా తెరిచినట్టే. 30 అడ్రసు అక్కడ ఉండొచ్చు, చెరిగిపోయి ఉండొచ్చు. లైనక్స్‌లో మాలక్, ఫ్రీలను నడిపే జీలిబ్‌సీ లైబ్రరీ తన సొంత లెక్కలు ఆ ఫ్రీ అయిన జాగాలోనే రాసుకుంటుంది. అందుకే 10 తర్వాత ఏదో చెత్త సంఖ్య వచ్చి, ఆపైన సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీ ముట్టుకున్నందుకు ప్రోగ్రాం ఆగిపోవడం) రావచ్చు.

"మా కాలేజీలో కరెక్టుగానే వచ్చిందండి ఆయ్" అంటారు. ఎందుకు రాదు, అక్కడ ఇంకా పాతకాలపు టర్బో సీ కంపైలర్ నడుస్తోంది మరి! అది నడిచే డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టంలో మెమరీకి కాపలా లేదు. ఎక్కడ చదివినా ఆపేవాడుండడు. తప్పు ప్రోగ్రాం నవ్వుతూ నడిచిపోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ ఇదే తప్పు చేశాను. నా సిస్టంలో బాగానే నడిచింది, కస్టమర్ దగ్గర రోజుకోసారి పడిపోయేది. ఆ ఒక్క లైను పట్టుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది, తిట్లు అదనం. ఇప్పుడు మీకా బాధ లేదు. జీసీసీ కంపైలర్‌లో డీబగ్ ఆప్షన్‌తో పాటు అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) పెట్టి కంపైల్ చేయండి. ఏ లైనులో ఫ్రీ చేశారో, ఏ లైనులో మళ్లీ ముట్టుకున్నారో రెండూ చూపిస్తుంది.

టెంప్‌లో నల్ (ఏ అడ్రసూ లేదనే గుర్తు) వేస్తే నోడ్ పోతుందనేవాళ్లూ ఉన్నారు. పోయేది మీ చేతిలో ఉన్న చీటీ మాత్రమే. జావాలో, పైథాన్‌లో డిలీట్ దానంతటదే అయిపోతుందన్నది ఇంకో పుకారు. అక్కడ ఫ్రీ రాయనక్కర్లేదు కానీ, నెక్స్ట్ మార్చేది మీరే.

అపోహ: మొదటి నోడ్ తీయడం అన్నిటికన్నా సులువు.

వాస్తవం: తీయడం సులువే, చిక్కు వేరే చోట ఉంది. ఫంక్షన్‌కి హెడ్‌ని (మొదటి నోడ్ అడ్రసున్న పాయింటర్‌ని) మామూలుగా పంపి, లోపల హెడ్ మార్చేసి, బయట మారలేదని తల పట్టుకుంటారు. లోపలున్నది నకలు. కొత్త హెడ్‌ని రిటర్న్ చేయండి, లేదా పాయింటర్‌కి పాయింటర్ పంపండి. ఈ రెండో పద్ధతిలో మొదటి నోడ్‌కి వేరే ఇఫ్ కూడా అక్కర్లేదు. 2016లో టెడ్ ప్రసంగాల వేదిక మీద మంచి టేస్ట్ అంటే ఏమిటో చెప్పడానికి లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చూపించింది ఇదే.

అర్రే (పక్కపక్కనే విలువలు పేర్చే పట్టీ) కన్నా లింక్డ్ లిస్టులో డిలీట్ ఎప్పుడూ వేగమేనా? వెతకడానికి పట్టే టైం ఎవరిస్తారు? పక్క నోడ్ డేటాను కాపీ చేసి పక్కదాన్ని తీసేసే చిట్కా చివరి నోడ్ దగ్గర పనిచేయదు, దాని పక్కన ఎవరూ లేరు కాబట్టి.

ఎక్స్‌టర్నల్‌కి ముందు ఖాళీ లిస్టు, ఒకే నోడ్, చివరి నోడ్, లిస్టులో లేని విలువ, ఈ నాలుగూ ఇచ్చి చూసుకోండి. రాజోలు అమ్మాయి చేత ఫ్రీ లైను కిందికి దింపించాక, 20 చక్కగా పోయింది. లిస్టులో లేని 50 ఇస్తే మళ్లీ పడిపోయింది. వైల్ లూప్ కండిషన్‌లో టెంప్ డేటాను ముందు చూసి, టెంప్ నల్ అవునో కాదో తర్వాత చూస్తోంది. రెండూ అటూ ఇటూ మార్చింది. "లేదు" అని వచ్చింది స్క్రీన్ మీద. ఆరున్నర బస్సుకి పరిగెత్తింది.