కంఠీరవ ఎవరిది?

పునీత్ రాజ్‌కుమార్‌ను కడసారి చూడటానికి 2021 అక్టోబరులో బాలకృష్ణ, జూనియర్ ఎన్టీఆర్ వచ్చింది బెంగళూరు కంఠీరవ స్టేడియానికే. చాలామంది తెలుగువాళ్ళకు ఆ మైదానం టీవీలో అలా పరిచయం. ఇక్కడ ఉంటున్న మనకు దాని ఇంకో గొడవ కూడా తెలుసు: అది అథ్లెట్లదా, ఫుట్‌బాల్‌దా?

17వ శతాబ్దపు మైసూరు రాజు కంఠీరవ నరసరాజ ఒడెయరు పేరు దానిది. 1997 జాతీయ క్రీడలకు వేదికైంది. మధ్యలో పచ్చిక, చుట్టూ రన్నింగ్ ట్రాక్. చిక్కంతా ఆ అమరికలోనే ఉంది.

ఊళ్లో ఫుట్‌బాల్ పుట్టిల్లు కంఠీరవ కాదు, కంటోన్మెంట్ వైపు బస్తీలు. స్వతంత్ర భారత్‌కు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో తొలి గోల్ (1948, ఫ్రాన్స్‌పై) కొట్టిన సారంగపాణి రామన్ బెంగళూరువాడే. మైసూరు (ఇప్పటి కర్ణాటక) జట్టు రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. 1968-69 తర్వాత మళ్లీ ఆ కప్పు కోసం 2023 దాకా, అంటే 54 ఏళ్లు, ఎదురుచూడాల్సి వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న ఆటకు నగరం ఒక పెద్ద సొంత మైదానం కట్టివ్వలేదు. నా దృష్టిలో అసలు తప్పు అదే.

2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ మొదట అశోక్‌నగర్‌లోని చిన్న ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడింది, తొలి సీజన్‌లోనే అప్పటి దేశపు అగ్రశ్రేణి లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది. పడమటి స్టాండులో నిలబడి గొంతు చించుకున్న అభిమానులు 'వెస్ట్ బ్లాక్ బ్లూస్' అయ్యారు. మరుసటి ఏడు జట్టు కంఠీరవకు మారితే ఆ పేరునూ వెంట తెచ్చుకున్నారు. అశోక్‌నగర్‌లో ఆటగాళ్లు చేతికందేంత దగ్గర. ఇక్కడ మధ్యలో ట్రాక్ అడ్డం. అయినా 2016 అక్టోబరు 19న ఆసియా క్లబ్‌ల పోటీ ఏఎఫ్‌సీ కప్ సెమీస్‌లో డిఫెండింగ్ చాంపియన్, మలేసియా క్లబ్ జొహోర్‌ను 3-1తో ఓడించిన రాత్రి ఆ దూరం ఎవరికీ గుర్తులేదు. సునీల్ ఛెత్రి రెండు గోల్స్ కొట్టాడు. ఒక భారత క్లబ్ ఆ కప్పు ఫైనల్‌కు వెళ్లడం అదే మొదలు.

అథ్లెట్ల బాధా నిజమే. జావెలిన్, డిస్కస్, హ్యామర్ పడాల్సింది ఆ పచ్చిక మీదే. మ్యాచ్‌ల కోసం దాన్ని కాపాడితే వాళ్ల ప్రాక్టీస్ ఆగిపోతుంది. కోచ్‌లు హైకోర్టు దాకా వెళ్లారు. 2019లో క్లబ్ హోమ్ మ్యాచ్‌లు పుణెకు తరలిపోతాయన్న టెన్షన్ కూడా పడ్డాం. ఆఖర్లో అనుమతి దొరికి ఇక్కడే ఆడారు.

2025 జులై 5న నీరజ్ చోప్రా అదే పచ్చికపై 86.18 మీటర్లు విసిరి గెలిచాడు. ఆ పోటీ నడిపింది జేఎస్‌డబ్ల్యూ; బెంగళూరు ఎఫ్‌సీ యజమానీ అదే సంస్థ.