స్ట్రగ్లర్ కథలు: తెర మీది అపోహలు, ఆడిషన్ గదిలోని వాస్తవాలు

స్ట్రగ్లర్ మీద, అంటే అవకాశాల కోసం తిరిగే నటుడి మీద, హిందీలో కొత్త డ్రామా వచ్చిందంటే ఆశగా వెళ్తాను. ముంబయిలో కాస్టింగ్, అంటే పాత్రలకు నటుల్ని వెతికే పని, చేసేదాన్ని కదా, మా వాళ్ల కథ అనిపిస్తుంది. ఎక్కువసార్లు నిరాశతోనే బయటికి వస్తాను. వంటవాడి మీద సినిమా తీసి పొయ్యి వెలిగించకపోతే ఎలా ఉంటుంది? ఈ సినిమాల్లో కన్నీళ్లు ఉంటాయి, వాన ఉంటుంది, నటుడు చేసే పని మాత్రం కనబడదు. వాటిని చూసి ముంబయి రైలెక్కాలనుకునే మన తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: ఒక్క రోజులో జాతకం మారిపోతుంది.

వాస్తవం: మనోజ్ బాజ్‌పాయీ 1994లో ‘బాండిట్ క్వీన్’లో కనిపించారు. మన రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’లో భీకూ మ్హాత్రేగా దేశానికి తెలిసింది 1998లో. నవాజుద్దీన్ సిద్దిఖీ 1999లో ‘సర్ఫరోష్’లో చిన్న వేషం వేశారు. ఆయనకు పేరు తెచ్చిన ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ వచ్చింది 2012లో. మధ్యలో 13 ఏళ్లు. సినిమాల్లో ఆ 13 ఏళ్లూ ఒక పాటలో అయిపోతాయి. నేను చూడాలనుకునే సినిమా ఆ పాటలోనే ఉండిపోయింది.

అపోహ: ఆడిషన్ అంటే పెద్దల ముందు గుండె పగిలేలా ఏడ్చి చూపించడం.

వాస్తవం: అంధేరీ పశ్చిమంలో, వెర్సోవా దగ్గర ఆరామ్ నగర్ ఉంది. పాత బంగళాల్లో వరసగా కాస్టింగ్ ఆఫీసులు. గుమ్మం దగ్గరి మనిషి ముఖం చూసి ‘ఫిట్’ అనో ‘నాట్ ఫిట్’ అనో చెప్పేస్తాడు. అది మీ నటనకు వేసిన మార్కు కాదు. ఆ పాత్రకు కావలసిన వయసు, ఎత్తు, వాలకం మీలో ఉన్నాయా అన్నంతవరకే. లోపల ఒక ఖాళీ గోడ, స్టాండు మీద కెమెరా, ఒక లైటు. పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పాలి. కుడివైపు, ఎడమవైపు తిరగాలి. ప్రకటన అయితే చేతులు కూడా ముందూ వెనకా చూపించాలి. తర్వాత, కాసేపటి క్రితమే చేతికిచ్చిన సీను. ఎదుటి పాత్ర మాటలు నాలాంటివాళ్లం ఏ భావమూ లేకుండా చదువుతాం. మేము చదువుతున్నప్పుడు మీ ముఖం ఏం చేస్తోందో, దాన్నే గమనిస్తాం.

ఒకసారి వాచ్‌మన్ వేషానికి ఒకే ఒక్క మాట ఇచ్చాం: ‘సార్ ఇంట్లో లేరు.’ కొందరు గట్టిగా చెప్పారు, కొందరు దీనంగా చెప్పారు. ఒక కుర్రాడు నోరు తెరిచే ముందు వెనక్కి, ఇల్లు ఉండాల్సిన వైపు, ఓరగా చూశాడు. సార్ లోపలే ఉన్నాడని మాకందరికీ అర్థమైపోయింది. స్ట్రగ్లర్ సినిమాల్లో నేను వెతికేది అలాంటి ఒక్క క్షణాన్ని.

అపోహ: కాస్టింగ్ వాళ్లు తలుచుకుంటే వేషం ఖాయం.

వాస్తవం: మేము జాబితా పంపుతాం. ఖరారు చేసేది దర్శకుడు, నిర్మాత, ఒక్కోసారి ఓటీటీ సంస్థ. హీరోకు తమ్ముడిలా లేడన్న కారణంతో మంచి నటులు జారిపోవడం మాకూ బాధే.

డబ్బు కడితే వేషం వస్తుందన్న మాటను అపోహ అనడం కూడా తక్కువే, అది మోసం. పద్ధతిగా పనిచేసే ఏ ఆఫీసూ ఆడిషన్‌కు రూపాయి తీసుకోదు. నటులకు పని కుదిర్చే మధ్యవర్తి, కో-ఆర్డినేటర్, తీసుకునే కమీషన్ కూడా పని జరిగి, డబ్బు వచ్చాకే. రిజిస్ట్రేషన్ అని ముందే అడిగారంటే ఫోను పెట్టేయండి.

అపోహ: వేషం దొరికితే కష్టాలు తీరినట్టే.

వాస్తవం: టీవీలో పారితోషికం చేతికి రావడానికి 90 రోజులు పట్టడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఇంటి అద్దె అంతవరకూ ఆగదు. అందుకే మా నటులు పగలు సెట్లో, సాయంత్రం డబ్బింగ్ స్టూడియోలో ఉంటారు. హిందీలోకి వెళ్లే మన తెలుగు సినిమాలకు గొంతు అరువిచ్చి ఇల్లు గడుపుకునేవాళ్లూ వారిలో ఉన్నారు. ఈ లెక్క ఏ సినిమాలోనైనా చూపించారా?

చివరిది వయసు. ముప్పై దాటితే ఇంటికి వెళ్లిపోవాలన్న భయం ఈ కథల్లో ఎప్పుడూ ఉంటుంది. 2003లో, తనకు పేరు తెచ్చిన ‘మున్నాభాయ్ ఎంబీబీఎస్’ వచ్చేనాటికి బొమన్ ఇరానీకి నలభై దాటాయి. పాతికేళ్ల హీరో ముఖాలు మా దగ్గర కుప్పలుగా ఉన్నాయి. తండ్రికి, లాయరుకు, పంచాయతీ గుమాస్తాకు సరిపోయే యాభై దాటిన కొత్తవాళ్ల కోసమే రోజూ వెతుకుతున్నాం.