‘పాలు చాలుతలేవు’ అనే ముందు

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, కాన్పయిన ఇంట్లో రెండు మూడు రోజులకల్లా ఎవరో ఒకరి నోట ‘బిడ్డకు పాలు చాలుతలేవు’ అనే మాట వస్తుంది. చూడవచ్చిన బంధువులు అంటారు, అత్త అంటుంది, చివరికి బాలింతే నమ్మేస్తుంది. సాయంత్రానికి మెడికల్ షాపు నుంచి పాలపొడి డబ్బా ఇంటికి చేరుతుంది. నిజానికి చాలామంది తల్లులకు బిడ్డకు సరిపడా పాలు వస్తాయి. పాలు ఎలా తయారవుతాయో ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇంత టెన్షన్.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చెంచాల లెక్కన వస్తాయి, చిక్కగా పసుపుపచ్చగా ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది, ఒక్కసారికి కొద్ది మిల్లీలీటర్లే పడతాయి. కాబట్టి ఆ కొంచెమే చాలు. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు ముర్రుపాలలోనే ఎక్కువ. మాయ బయటపడ్డాక తల్లి ఒంట్లో గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పడిపోతుంది, పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ హార్మోన్‌కు అడ్డు తొలగుతుంది. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య పాలు బాగా దిగుతాయి. ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకొంచెం ఆలస్యం కావచ్చు.

ఆపరేషన్ సంగతి మన దగ్గర చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశంలో ఇదే అత్యధికం. వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఎవరైనా పక్కన ఉండి సాయం చేస్తే తొలి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించవచ్చు. ఈ మాట కాన్పుకు ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి. లేకపోతే తల్లి ఒక గదిలో, బిడ్డ బంధువుల ఒడిలో ఉంటారు, ఈలోపు ఎవరో తేనె నాకిస్తారు. ఏడాది లోపు బిడ్డకు తేనె అస్సలు పెట్టకూడదు. అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాలు బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెస్తాయి.

పాలు ఊట బావి లాంటివి, చేదిన కొద్దీ ఊరుతాయి. బిడ్డ చప్పరించినప్పుడల్లా తల్లి మెదడు నుంచి ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ విడుదలవుతాయి. మొదటిది పాలను తయారు చేయిస్తుంది, రెండోది వాటిని కిందికి దించుతుంది. రొమ్ము నిండి అలాగే ఉండిపోతే తయారీ తగ్గిపోతుంది. రాత్రి ఒక్క పూట డబ్బా పాలు పట్టి తల్లిని పడుకోబెడదాం అనుకుంటాం, ప్రేమతోనే అనుకుంటాం. కానీ ప్రొలాక్టిన్ బాగా పెరిగేది రాత్రి పూటే. అలా నాలుగు రాత్రులు గడిస్తే పాలు నిజంగానే తగ్గవచ్చు.

మరి చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది? ఏడుపును బట్టి చెప్పలేం. సాయంత్రం పూట గంటకోసారి అడిగే పిల్లలు ఎందరో ఉంటారు. రొమ్ము మెత్తబడడం, పిండితే నాలుగు చుక్కలే రావడం కూడా గుర్తులు కావు. ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తుందా, దొడ్డికి పసుపుగా పోతుందా చూడండి. మొదట్లో కొంత బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు తప్పకుండా బరువు తూయించండి. బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, పుట్టినప్పటి బరువులో పదో వంతు దాకా తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చనుమొన నొప్పి పెడుతుంటే చాలాసార్లు బిడ్డ మొనను మాత్రమే పట్టుకుందని అర్థం. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించాలి.

ఇక ఎండలు. మే నెలలో మిర్యాలగూడ, నల్లగొండ వైపు ఎండ 44 డిగ్రీలు దాటుతుంటే బిడ్డకు గొంతు తడపాలనిపిస్తుంది. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. ఆరు నెలల దాకా విడిగా ఒక్క చుక్క కూడా అవసరం లేదు. నీళ్లతో పొట్ట నిండితే బిడ్డ పాలు తాగదు, ఎక్కువైతే ఒంట్లో సోడియం పడిపోతుంది. నీళ్లు తాగాల్సింది తల్లి. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పాత పద్ధతి ఈ ఎండల్లో ఆమె ఒంటికి చెరుపు చేస్తుంది.

నీళ్ల మాట వస్తే మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్‌ను దాటి పోలేం. మర్రిగూడ చుట్టుపక్కల వంగిన కాళ్లను, గార పట్టిన పళ్లను చూసిన తల్లి ‘నేను తాగిన నీళ్లు నా పాలలోకి పోవా?’ అని అడగడం న్యాయమే. తల్లి రక్తంలోని ఫ్లోరైడ్ పాలలోకి చాలా తక్కువగా దిగుతుంది. ఆమె తాగే నీళ్లతో పోలిస్తే ఆమె పాలలో ఉండేది అతి స్వల్పం. బోరు నీళ్లలో కలిపిన డబ్బా పాలలో మాత్రం ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ అంతా ఉంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ కాస్త చిక్కబడుతుంది కూడా. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకే ఉండవచ్చు. డాక్టరు చెప్పి డబ్బా పాలు పట్టాల్సి వస్తే అందులో ఏ తప్పూ లేదు. అయితే వాటిని కలపడానికి బోరు నీళ్లు కాకుండా ప్రభుత్వం శుద్ధి చేసి ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు కాచి చల్లార్చి వాడండి.

తిండి విషయంలో ఒక్క మాట. ఎల్లిపాయ కారంతో అన్నం మాత్రమే పెట్టే పథ్యం చాలదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు అన్నీ తినవచ్చు.

ఇప్పటికే డబ్బా పాలు మొదలుపెట్టినవాళ్లు కూడా వెనక్కి రావచ్చు. బిడ్డను రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు రొమ్ముకు పట్టించాలి. ఆ తర్వాత అవసరమైతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టాలి. బరువు చూసుకుంటూ, ఆశానో డాక్టరునో అడుగుతూ డబ్బా పాలను కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపేయకూడదు. ఈలోగా వంట, బట్టలు, వచ్చిపోయేవాళ్ల మర్యాదలు ఇంట్లో మిగతావాళ్లు, ముఖ్యంగా బిడ్డ తండ్రి చూసుకోవాలి.