ఎల్వా నదిలో ముందు బురద, తర్వాత చేప

గోదారి ఎర్రనీటికి ఎదురీదే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం మనకు తెలుసు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నదికి ఎక్కే సాల్మన్ చేపలదీ ఒకప్పుడు ఇదే గతి. సముద్రానికి 8 కిలోమీటర్ల ఎగువన 1913లో 33 మీటర్ల ఎత్తున ఒక ఆనకట్ట లేచింది. దానికి పైన 1927లో 64 మీటర్ల ఎత్తున గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట కట్టారు. రెండూ కరెంటు కోసమే, దేనికీ చేపలు ఎక్కే మెట్లు పెట్టలేదు.

మిగిలిన ఆ 8 కిలోమీటర్లూ సరిగ్గా లేవు. పులస గుంట తవ్వదు గానీ ఆడ సాల్మన్ తోకతో గులకరాళ్లలో గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. రాళ్ల సందుల్లోంచి నీరు పారుతుంటేనే గుడ్డుకు ఆక్సిజన్ అందుతుంది. కొత్త గులకరాళ్లన్నీ ఆనకట్టల వెనకే ఆగిపోయాయి, ఉన్నవి వరదకు కొట్టుకుపోయాయి. చివరికి అడుగున మిగిలినవి చేప తోక కదిలించలేనంత పెద్ద బండలు.

అందుకే చేపల కోసం ఈ రెండు ఆనకట్టల్నీ కూల్చేసినప్పుడు కాంక్రీటు పగలగొట్టడం కన్నా మేట సంగతే కష్టమైంది. రెండు జలాశయాల్లో పేరుకున్నది సుమారు 2.1 కోట్ల ఘనపు మీటర్లు. ఇందులోని ఇసుక, గులకరాళ్లు కింది నదికి మందు. సన్నని ఒండ్రు మాత్రం మొప్పల్ని పూడ్చేస్తుంది, గుడ్ల సందుల్ని మూసేస్తుంది. రెండూ కలిసే వస్తాయి. 2011 సెప్టెంబరులో మొదలుపెట్టి, పై ఆనకట్టను కొంత కోయడం, ఆగడం, మళ్లీ కోయడం చేశారు. చేపలు ఎక్కే కాలంలో పని ఆపారు. ఆ విరామాల్లో జలాశయంలోని మేట మీద నది అటూ ఇటూ తిరుగుతూ దాన్ని తనే కోసుకుంటుంది.

దిగువ ఆనకట్ట 2012 వసంతానికే పోయింది. పైదాని దగ్గర చిక్కొచ్చింది. మేట కలిసిన బురదనీటిని శుద్ధి చేయడానికే కట్టిన కేంద్రం జల్లెడలు ఆకులూ పుల్లలూ పట్టి మూసుకుపోయాయి. దాంతో కూల్చివేత ఏడాది దాకా ఆగింది. 2014 ఆగస్టులో ఆఖరి ముక్క పేల్చాక కూడా లోయలో పడి ఉన్న బండలు చేపల్ని అడ్డగించాయి. వాటినీ పేల్చాల్సి వచ్చింది. కాంక్రీటు పోతే చేపకు దారి దొరికినట్టేనన్న లెక్క ఇక్కడ తప్పింది.

ఆశ్చర్యపరిచింది స్టీల్‌హెడ్. ఇది సముద్రానికి వెళ్లొచ్చే రెయిన్‌బో ట్రౌట్ చేపే. వేసవిలో ఎదురెక్కే స్టీల్‌హెడ్ ఎల్వాలో దాదాపు కనుమరుగైంది. అయితే ఆనకట్టల పైన చిక్కుకుని మంచినీటిలోనే బతికిన ట్రౌట్లలో ఆ జన్యువులు నిలిచి ఉన్నాయి. దారి తెరుచుకోగానే వేసవి గుంపు మళ్లీ కనిపించింది, హేచరీలో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో) పెంచిన పిల్లల్ని వదలకుండానే.

చినూక్ సాల్మన్ కథ ఇంత సులువుగా లేదు. తిరిగొస్తున్న వాటిలో ఎక్కువ భాగం హేచరీలో పుట్టినవే కాబట్టి మొత్తం సంఖ్య చూసి సంబరపడకూడదు. నది ముఖం దగ్గర సోనార్‌తో, అంటే నీటిలో శబ్దతరంగాలు పంపి పసిగట్టే పరికరంతో, చేపల్ని లెక్కిస్తారు. గుడ్లు పెట్టి చనిపోయిన వాటి తల కోసి, చెవిరాయిలో (చేప చెవి లోపలుండే చిన్న గట్టి రాయిలాంటి ముక్కలో) హేచరీ గుర్తు ఉందో లేదో చూస్తారు. నదిలోనే పుట్టినవెన్నో అప్పుడే తేలుతుంది. కోహో సాల్మన్ మాత్రం నయం. ఏళ్ల తరబడి చేపల వేట మానుకున్న దిగువ ఎల్వా క్లాలమ్ ఆదివాసీ తెగవారు 2023 శరదృతువులో తమ తిండికీ ఆచారాలకూ కొద్దిపాటి కోహోలను పట్టుకున్నారు.