జీఐఎస్ పీజీ: ఫీజు కట్టే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

జీఐఎస్ అంటే మ్యాపులనూ స్థలాల డేటానూ కంప్యూటర్‌లో కలిపి విశ్లేషించే పని. డిగ్రీ ఫలితాలు వస్తే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, నారాయణపేటల నుంచి ఒకటే ఫోన్లు. "సార్, మా పాప జీఐఎస్‌లో పీజీ చేస్తానంటోంది. రెండేళ్లు ఎందుకు, మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని హైదరాబాద్‌లో ఒకరు చెప్తున్నారు. కట్టమంటారా?" ఆ ఫీజు చాలా ఇళ్లల్లో అప్పు తెచ్చిన డబ్బు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే జీఐఎస్ వచ్చినట్టే.

వాస్తవం: క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ రాత్రే ల్యాప్‌టాప్‌లోకి దింపుకోవచ్చు. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ పాఠాలూ ఉచితమే. ఏ బటన్ ఎక్కడుందో చూపించినందుకు వేలకు వేలు పోయనవసరం లేదు. పీజీలో నేర్చుకోవాల్సింది ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీదకు తెచ్చే పద్ధతులు), స్టాటిస్టిక్స్, చేతికొచ్చిన డేటాను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడం.

అలాంటి మూడు నెలల కోర్సు సర్టిఫికెట్‌తో ఒక అబ్బాయి మా దగ్గర పనిలో చేరాడు. మక్తల్ చెరువుల లేయర్‌నూ (మ్యాప్ మీద పరిచే డేటా పొర) నల్లగొండ లేయర్‌నూ ఒకే మ్యాప్‌లో పెట్టమన్నాం. 78 డిగ్రీల రేఖాంశం దాదాపు మహబూబ్‌నగర్ పట్టణం మీదుగానే పోతుంది. యూటీఎం అనే పద్ధతి భూమిని 6 డిగ్రీల వెడల్పు జోన్లుగా విడదీస్తుంది, ప్రతి జోన్‌లోనూ అవే అంకెలు మళ్లీ వస్తాయి. 78 డిగ్రీలకు పడమట ఉన్న మక్తల్, నారాయణపేట యూటీఎం 43వ జోన్‌లోకి వస్తాయి, తూర్పున ఉన్న నల్లగొండ 44లోకి. మక్తల్ ఫైలుకు జోన్ వివరం లేకపోతే అతను 44 అని ఇచ్చేశాడు. చెరువులన్నీ దాదాపు 640 కిలోమీటర్లు తూర్పుకు జరిగి, విశాఖకు దక్షిణాన బంగాళాఖాతంలో పడ్డాయి. సాఫ్ట్‌వేర్ పాడైందనుకొని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చున్నాడు పాపం. తెలివైనవాడే, కూర్చోబెట్టి చెప్తే వెంటనే పట్టుకున్నాడు. "ఇది నాకెవరూ చెప్పలేదన్నా" అన్నాడు. ఫీజు తీసుకొని అసలు పాఠం ఎగ్గొట్టినవాళ్ల మీద నాకు చాలా కోపమొచ్చింది.

కాబట్టి ఏ కాలేజీకి వెళ్లినా ఇవి అడగండి. డీజీపీఎస్ పరికరం (స్థలాన్ని మామూలు జీపీఎస్ కన్నా కచ్చితంగా కొలిచేది) విద్యార్థుల చేతికిస్తారా, అద్దాల బీరువాలో పెడతారా? పైథాన్ ప్రోగ్రామింగ్, పోస్ట్‌జీఐఎస్ (మ్యాప్ డేటా దాచే డేటాబేస్) పాఠాల్లో ఉన్నాయా? ప్రాజెక్టుకు సొంతంగా ఫీల్డ్ డేటా సేకరించాలా? ముఖ్యంగా, నిరుడు పాసైన ఇద్దరి నంబర్లు తీసుకొని మాట్లాడండి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. జాగ్రఫీ వాళ్లకే సీటు అన్నది పుకారు. ఎం.టెక్‌కు ఇంజినీర్లు గేట్ లేదా పీజీఈసెట్ ద్వారా వెళ్లొచ్చు, 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ (సర్వే, మ్యాపింగ్ విద్య) పేపరే ఉంది. ఎమ్మెస్సీ అర్హత యూనివర్సిటీని బట్టి మారుతుంది, వాట్సాప్ మెసేజ్ పక్కనపెట్టి నోటిఫికేషన్ చదవండి. ఉద్యోగాలు హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్సీలోనే ఉంటాయనుకోవద్దు. సాగునీరు, కరెంటు, టెలికాం, పంటల బీమా, అన్నిటికీ ఈ పని కావాలి. ఆడపిల్లలు ఎండలో తిరగాలేమోనని తల్లిదండ్రులకు టెన్షన్. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఎక్కువ పని కంప్యూటర్ ముందే, ఫీల్డ్‌కు మామూలుగా టీమ్‌గానే వెళ్తారు.

ఇంకొకటి. కోర్సులో చేరగానే ఊళ్లో పిల్లల్ని "శాటిలైట్‌లో మా గెట్టు చూసి చెప్పు" అని అడుగుతారు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక పిక్సెల్ (చుక్క) పక్కకు 10 మీటర్లు, నిలువుకు 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు, ఇంచుమించు ఒక గుంట. గుంట మొత్తం ఒకే చుక్కగా కనిపించే చిత్రంలో గెట్టు కనబడదు. దయచేసి వాళ్లను పంచాయితీలోకి లాగకుండా సర్వేయర్‌ను పిలిపించుకోండి.